మా నాయన బుల్లెట్‌కి కస్టమ్ హ్యాండిల్: రెండు నెలలు తోలాక నా మాట

అందరికీ నమస్తే. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. ముందే చెప్పేస్తాను, ఈ హ్యాండిల్ నేను కొన్నది కాదు. తయారు చేసినవాళ్ళు రివ్యూ కోసం ఉచితంగా పంపించారు. డబ్బులు ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమని అడగలేదు. వెడల్పు, ఎత్తు, బరువు, ధర అన్నీ వాళ్ళ పేజీలో ఉన్నాయి, మీరు చూసే ఉంటారు. అవి మళ్ళీ చదవను. నా మణికట్టు గురించి, నాలుగు వైర్ల గురించి మాట్లాడతాను.

బండి మా నాయనది. 1986 మోడల్ బుల్లెట్ 350. క్యాస్ట్ ఐరన్ ఇంజన్, గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. నాయన దాన్ని అచ్చంగా కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంచాడు. హ్యాండిల్ మార్చింది నేను. మొదటిసారి మార్చి తప్పు చేశాను.

పదకొండేళ్ళ కిందట రేణిగుంట రోడ్డులో ఇసుక మీద జారి పడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది. ఇంట్లోవాళ్ళు నేరుగా పుత్తూరు తీసుకుపోయారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పెట్టి కట్టిన ఆ కట్టుతో చాలా రోజులు ఉన్నాను. ఎముక అతుక్కుంది. కానీ క్లచ్ పట్టేది ఆ చేత్తోనే కదా, ట్రాఫిక్‌లో గంట తోలితే ఇప్పటికీ నొప్పి వస్తుంది. అలాంటి చెయ్యి పెట్టుకొని, కేఫ్ రేసర్ లుక్, అంటే పాతకాలం రేసు బండిలా వంగి తోలే రూపం, బాగుంటుందని కిందికి వంగిన హ్యాండిల్ ఒకటి వేయించాను. ఫొటోల్లో బండి అద్భుతంగా ఉండేది. చంద్రగిరి చేరేసరికి వేళ్ళు తిమ్మిరెక్కేవి.

కారణం తర్వాత అర్థమైంది. బుల్లెట్ ఫుట్‌రెస్టులు ముందుకు ఉంటాయి. రేసు బండ్లలో అవి వెనక్కి ఉంటాయి కాబట్టి వంగినప్పుడు ఒంటి బరువును కాళ్ళు కూడా కొంత మోస్తాయి. బుల్లెట్‌లో నడుము కింద భాగం కుర్చీలో కూర్చున్నట్టు ఉంటుంది, పై భాగం మాత్రం ముందుకు వంగుతుంది. ఆ బరువంతా అరచేతుల మీదే పడుతుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ ఇంకా పడుతుంది. ఫుట్‌రెస్టులు మార్చకుండా బుల్లెట్‌కి కింది హ్యాండిల్ వేయకండి. రెండేళ్ళు నొప్పి పడి చెబుతున్నాను.

ఇప్పుడు ఈ కొత్త హ్యాండిల్. దీంట్లో నాకు నచ్చింది ఒక్కటే, కానీ దాని కోసం మిగతావన్నీ క్షమించాను. కొసలు వెనక్కి వంగి, కొద్దిగా కిందికి వాలి ఉంటాయి. బండి మీద కూర్చొని కళ్ళు మూసుకోండి. హ్యాండిల్ పట్టుకున్నట్టు రెండు చేతులూ గాల్లో చాపండి. పిడికిళ్ళు తిన్నగా ఉండవు, కొంచెం లోపలికి తిరిగి ఉంటాయి. కొసలు ఆ కోణంలోకి రావాలి. తిన్నగా ఉన్న హ్యాండిల్ అయితే మణికట్టును రోజంతా బయటికి మెలిపెట్టి ఉంచినట్టే. వీళ్ళు ఆ వంపు చక్కగా పట్టుకున్నారు. మొదటి రోజు గ్రిప్ మీద చెయ్యి వేయగానే "ఇదీ" అనిపించింది.

ఇక కోపం వచ్చిన సంగతి. హ్యాండిల్ నాలుగు అంగుళాలు పైకి లేచింది, కాబట్టి దానికి తగిలించే వైర్లూ పొడవుగా ఉండాలి, కానీ వాటి గురించి పెట్టెలో ఒక్క కాగితం లేదు. పాత బుల్లెట్‌కి క్లచ్, ముందు బ్రేకు, యాక్సిలరేటర్, వీటికి తోడు డీకంప్రెసర్ (కిక్ తేలిగ్గా దిగేలా ఇంజన్ లోపలి ఒత్తిడిని వదిలేది) వైరు. మొత్తం నాలుగు. నేను తొందరపడి పాత వైర్లతోనే బిగించి సాయంత్రం బయటికి తీశాను. లీలామహల్ సర్కిల్ దగ్గర యూ టర్న్ కోసం పూర్తిగా తిప్పగానే యాక్సిలరేటర్ వైరు బిగుసుకొని లాగింది, ఇంజన్ రేజ్ అయిపోయింది. పక్కన ఆటోలో పిల్లలున్నారు. క్లచ్ నొక్కాను కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

పొడవు వైర్లు రెడీమేడ్‌గా దొరకలేదు. చిత్తూరులో ఒక పెద్దాయన ఇప్పటికీ చేత్తో చేస్తాడని తెలిసి వెళ్ళాను. పని చూడాలి మీరు. లోపలి తీగకు ముందు నిపిల్, అంటే కొసన ఉండే చిన్న లోహపు ముక్క, ఎక్కిస్తాడు, తర్వాత తీగ కొసను కుంచెలా విప్పుతాడు, ఆ విప్పిన పోగుల మధ్యలోకి టంకం పోస్తాడు. కొస విచ్చుకొని ఉండబట్టే ఎంత లాగినా నిపిల్ ఊడి రాదు. "ముందు హ్యాండిల్ బిగించు సామీ, రెండు పక్కలా చివరిదాకా తిప్పు, అప్పుడు దారంతో కొలువు" అన్నాడు. ఈ ఒక్క మాట ఆ పెట్టెలో రాసి ఉంటే చాలు కదా!

బిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు. క్లాంపు (హ్యాండిల్‌ను బండికి పట్టి ఉంచే బిగింపు) దగ్గర హ్యాండిల్ వ్యాసం 22.2 మిల్లీమీటర్లు ఉండాలి, అంటే అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు. హార్లీ లాంటివాటికి చేసే 25.4 దీంట్లో పట్టదు. బోల్టులన్నీ కొద్దికొద్దిగా, మార్చి మార్చి బిగించండి. క్రోమ్ సంగతి అంటారా, వంపుల లోపలి వైపు పని శుభ్రంగా లేదు, పైన బాగానే ఉంది.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ స్పెసిఫికేషన్‌కు తేడాగా బండిని మార్చడాన్ని నియంత్రిస్తుంది. మార్చేముందు మీ ఆర్టీఓ ఆఫీసులో అడగండి. నాయన కాలం నాటి హ్యాండిల్‌ను నూనె రాసి, గుడ్డ చుట్టి అటక మీద పెట్టాను.

వైర్లు వేశాక మొదటి ఆదివారం చంద్రగిరి, రంగంపేట మీదుగా భాకరాపేట ఘాట్ ఎక్కాను. ఆ మలుపుల్లో క్లచ్ పట్టి వదిలి, పట్టి వదిలి, పైకి పోయి మళ్ళీ కిందికి వచ్చాను. ఇంటి ముందు బండి ఆపి ఎడమ చెయ్యి పిడికిలి బిగించి చూసుకున్నాను. నొప్పి లేదు. పదకొండేళ్ళలో మొదటిసారి.

అందుకే కొనమనే చెబుతాను. వైర్ల ఖర్చు విడిగా లెక్కేసుకొని కొనండి. తయారు చేసినవాళ్ళు చూస్తుంటే, దయచేసి పొడవు వైర్ల సెట్ కూడా కలిపి అమ్మండి. ఇది ప్రాణానికి సంబంధించిన విషయం.

ఇప్పుడు స్టార్ట్ చేస్తాను. ఆమీటర్ (కరెంటు చూపించే మీటర్) ముల్లు మధ్యలోకి వచ్చింది, డీకంప్రెసర్ నొక్కి కిక్ కొద్దిగా దించాను, ఇక కొడుతున్నా. వచ్చింది. చూడండి, ఎడమకి చివరిదాకా తిప్పుతున్నాను. కుడికి. ఐడిల్ శబ్దం వినండి, ఏమైనా మారిందా?