ఒకే ప్రేమకథ, ఐదు దేశాలు: చెయ్యి పట్టి లాగితే ప్రేమేనా?

[తెర మీద: 2001, 2005, 2009, 2018, 2021 అంకెలు ఒకదాని తర్వాత ఒకటి]

నమస్కారం. కొరియన్ డ్రామాలు కాస్తో కూస్తో చూసేవాళ్లకి "బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్" పేరు తెలిసే ఉంటుంది. 2009లో కేబీఎస్ అనే కొరియా టీవీ ఛానెల్లో వచ్చింది, 25 ఎపిసోడ్లు. లీ మిన్ హోని పెద్ద స్టార్‌ని చేసింది అదే. కానీ ఆ కథ పుట్టింది కొరియాలో కాదు. జపాన్ రచయిత్రి యోకో కామియో 1992లో మొదలుపెట్టిన "హనా యోరి దాంగో" అనే మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ, దాని మూలం. 2001లో తైవాన్ దాన్ని "మీటియర్ గార్డెన్" పేరుతో తీసింది. తర్వాత జపాన్, కొరియా, చైనా, థాయ్‌లాండ్ వరసగా తీశాయి.

ఆసియా రొమాన్స్ డ్రామాలంటే నాకెంత ఇష్టమో, వాటి మీద ఎంత కోపమో, రెండూ ఈ కథలోనే ఉన్నాయి. అందుకే ఇవాళ దీని గురించే మాట్లాడతాను.

[తెర మీద: ఎర్ర కార్డు బొమ్మ]

కొరియా వెర్షన్ తీసుకుందాం. హీరోయిన్ జాన్ డి వాళ్లది డ్రై క్లీనింగ్ షాపు. బట్టలు ఇవ్వడానికి కోటీశ్వరుల పిల్లలు చదివే స్కూలుకి వెళ్లి, మేడ మీంచి దూకబోతున్న కుర్రాణ్ణి కాపాడుతుంది. అతను చావుకి ఎందుకు సిద్ధపడ్డాడంటే, ఎఫ్4 అని పిలిపించుకునే నలుగురు డబ్బున్న కుర్రాళ్లు అతనికి ఎర్ర కార్డు ఇచ్చారు. అది వచ్చిందంటే స్కూలు స్కూలంతా మీద పడి వేధిస్తుంది. ఆ నలుగురికీ లీడర్ గు జున్ ప్యో. మన హీరో అతనే!

తనకి ఎదురు తిరిగిన జాన్ డిని కూడా మనుషుల్ని పెట్టి ఎత్తుకురప్పిస్తాడు. తన బంగళాలో ఖరీదైన బట్టలు వేయించి, ముస్తాబు చేయించి, ఇక నువ్వు నా మనిషివి అన్నట్టు మాట్లాడతాడు. చేసింది కిడ్నాప్. తీసిన తీరు మాత్రం ముచ్చటైన ప్రేమ సన్నివేశంలా ఉంటుంది. ఇక ఆ కాలం కొరియన్ డ్రామాల్లో చెయ్యి పట్టి లాక్కెళ్లడం మామూలే. ఒక్కోసారి ఇద్దరు మగాళ్లు చెరో చెయ్యి పట్టుకుని నిలబడతారు, మధ్యలో ఉన్న అమ్మాయికి ఎటు వెళ్లాలనుందో ఎవరూ అడగరు. వద్దన్నా వెంటపడే హీరోల్ని మన తెలుగు సినిమాల్లో ఎంతమందిని చూసి చప్పట్లు కొట్టామో గుర్తు తెచ్చుకుంటే, ఇది వాళ్ల ఒక్కళ్ల జబ్బే అనలేం.

మరి ఎందుకు చూస్తాను? ఆ ఉప్పు సీన్ కోసం!

[తెర మీద: గిన్నెలో కల్లుప్పు]

జున్ ప్యో తల్లి పెద్ద కంపెనీ యజమానురాలు. జాన్ డి ఇంటికొచ్చి, నా కొడుకుని వదిలెయ్యమని డబ్బు ముందు పెడుతుంది. జాన్ డి తల్లికి డబ్బంటే ఆశే, కూతురు గొప్పింటి కోడలు కావాలని కలలు కన్న మనిషే. అయినా ఆ క్షణంలో లేచి వెళ్లి ఉప్పు తెచ్చి ఆవిడ నెత్తిన గుమ్మరిస్తుంది. కొరియాలో చెడు పోవాలని ఉప్పు చల్లుతారు. ఉప్పుతో దిష్టి తీసే ఇళ్లలో పెరిగినవాళ్లం కాబట్టి ఆ కోపం ఎవరూ వివరించకుండానే మనకి అర్థమవుతుంది. బీదింటి అమ్మాయికి రాకుమారుడు దొరకడం కన్నా, ఆ ఇంటి పరువు నిలబడటమే నాకు ఈ కథలో అసలు విషయం.

[తెర మీద: చైనా, థాయ్‌లాండ్ పటాలు]

2002లో చైనా ప్రభుత్వం తైవాన్ వెర్షన్ ప్రసారాన్ని ఆపించింది. అదే చైనాలో 2018లో మళ్లీ తీశారు, నిర్మాత కూడా తైవాన్ వెర్షన్ తీసినావిడే, ఏంజీ చాయ్. హీరోలు ఈసారి యూనివర్సిటీలో బ్రిడ్జ్ అనే పేకాట ఆడే కుర్రాళ్లు. వేధింపుల ఘాటు తగ్గింది. నా మటుకు అది తేలిక దారి. తప్పుని చిన్నది చేసేస్తే హీరో మారాల్సిన అవసరమే ఉండదు కదా.

థాయ్‌లాండ్ వాళ్లు 2021లో మొదలుపెట్టిన 16 ఎపిసోడ్ల వెర్షన్ దీనికి ఎదురు దారిలో నడిచింది. ఎర్ర కార్డు అందుకున్నవాడి భయాన్ని దగ్గర నుంచి చూపించింది. దాన్ని నవ్వులాటగా తీసుకోలేదు. అలాంటి కార్డు ఇచ్చినవాణ్ణి ప్రేమించాలా వద్దా అని హీరోయిన్‌తో పాటు మనమూ తటపటాయిస్తాం. ఐదింటిలో నాకు నచ్చింది ఇదే.

[తెర మీద: చీకటి సంతలో వెలుగుతున్న కొవ్వొత్తి]

బలవంతం తీసేస్తే రొమాన్స్ చప్పబడిపోతుంది అనేవాళ్లకి "క్రాష్ లాండింగ్ ఆన్ యు" అనే కొరియన్ డ్రామా చూపిస్తాను. 2019 డిసెంబర్‌లో మొదలైంది. పారాగ్లైడింగ్ చేస్తూ ఉత్తర కొరియాలో పడిపోయిన సియోల్ వ్యాపారవేత్తగా సోన్ యే జిన్, ఆమెని దాచిపెట్టే సైనికాధికారిగా హ్యున్ బిన్. ఆమెకి కాఫీ ఇష్టమని అతను పచ్చి గింజలు తెచ్చి, స్వయంగా వేయించి, చేత్తో పొడి కొట్టి, కాచి ఇస్తాడు. అంతకు ముందు ఆమె సువాసన కొవ్వొత్తి అడిగితే మామూలుది తెచ్చాడు. తర్వాత ఆమె చీకటి పడ్డ సంతలో దారి తప్పి భయపడుతుంటే, ఆమెకి కనపడేలా వెలిగించిన కొవ్వొత్తిని పైకెత్తి పట్టుకుని వస్తాడు, ఈసారి సువాసనదే. చెయ్యి పట్టి లాగడం లేదు, అరుపుల్లేవు. ఆ సీన్‌కి గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో చూసినవాళ్లకి తెలుసు.

ఈ కథని కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు కొరియాది చూడండి, ఆ వెంటనే థాయ్‌ది. ఒకే సన్నివేశాన్ని రెండూ ఎలా తీశాయో పక్కపక్కన పెట్టుకోండి, ముఖ్యంగా మొదటి రెండు మూడు ఎపిసోడ్లు. ఒక్కటే చూసే తీరిక ఉంటే థాయ్‌ది చాలు. ఇంట్లో పదహారు, పదిహేడేళ్ల పిల్లలుంటే మాత్రం కొరియాది వాళ్ల పక్కన కూర్చుని చూడండి. ఆ బంగళా సీన్ వచ్చినప్పుడు ఆపి, నీకేమనిపించిందని అడగండి.