ఆ ఎనిమిది రోజులు

శ్రోతలకు నమస్కారం.

మన జంటనగరాల్లోని చాలా చర్చిల్లో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం ఉంటుంది. ఒకరు లేచి ఉద్యోగం వచ్చిందని చెబుతారు, మరొకరు వీసా వచ్చిందని, ఇంకొకరు బిడ్డకు జబ్బు నయమైందని. ప్రతి సాక్ష్యానికీ సంఘమంతా హల్లెలూయ అంటుంది. సంతోషమే. అయితే ఉద్యోగం రానివారు, బిడ్డను పోగొట్టుకున్నవారు కూడా అక్కడే కూర్చుని ఉంటారు. వాళ్లలో ఎవరైనా లేచి, "ప్రార్థించాను, జవాబు రాలేదు, దేవుడు విన్నాడో లేదో తెలియడం లేదు" అని చెప్పగా నేను వినలేదు. చెబితే ఏమవుతుందో అందరికీ తెలుసు. బయట చెప్పులు వేసుకునే చోట ఎవరో ఒకరు దగ్గరికి వచ్చి, "విశ్వాసంలో ఇంకా ఎదగాలమ్మా" అంటారు.

బైబిలుకు మాత్రం ఇంత మొహమాటం లేదు. చెరసాలలో పడ్డ బాప్తిస్మమిచ్చు యోహాను, ఒకప్పుడు తానే లోకానికి చూపించిన యేసు దగ్గరికి శిష్యులను పంపి, "రాబోవువాడవు నీవేనా, మేము మరియొకనికొరకు కనిపెట్టవలెనా" అని అడిగించాడు. యేసు కోప్పడలేదు. కబురు తెచ్చినవాళ్లు వెళ్లాక, స్త్రీలు కన్నవారిలో యోహానుకంటే గొప్పవాడు పుట్టలేదని జనంతో చెప్పాడు. ఇక బిడ్డలనూ ఆస్తినీ పోగొట్టుకుని దేవుణ్ణే నిలదీసిన యోబు సంగతి చెప్పనక్కర్లేదు.

యేసు శిష్యుడు తోమాకైతే మనం అనుమానపు తోమా అని పేరే పెట్టేశాం. యూదయకు తిరిగి వెళితే రాళ్లతో కొడతారని తక్కిన శిష్యులు జంకుతుంటే, "ఆయనతో కూడ చనిపోవుటకు మనమును వెళ్లుదము" అన్నది ఈ తోమాయే. అది ఎవరికీ గుర్తుండదు. పైగా, యేసు సమాధి ఖాళీగా ఉందని స్త్రీలు వచ్చి చెప్పినప్పుడు తక్కిన శిష్యులకూ అవి వెర్రిమాటలుగా తోచాయని లూకా తన సువార్తలో రాశాడు. పేరు మాత్రం ఒక్క తోమాకే పడింది!

యోహాను సువార్త 20వ అధ్యాయంలో, తిరిగి లేచిన యేసు తోమాకు తన గాయాలు చూపించే ఘట్టం మీదే ప్రసంగాలన్నీ సాగుతాయి. నా మనసు దానికి ముందున్న ఎనిమిది రోజుల దగ్గర ఆగుతుంది. ప్రభువును చూశామని తోటివారంతా అంటున్నారు. మేకుల గుర్తులో వేలు పెడితే తప్ప నమ్మనని ఇతడంటున్నాడు. అయినా ఎనిమిది రోజుల తర్వాత, తలుపులు మూసిన ఆ ఇంట్లో వాళ్లతోపాటు తోమా ఉన్నాడు. అతడు అలిగి వెళ్లలేదు, వాళ్లు పొమ్మనలేదు. ఆ వారమంతా ఒకే పంక్తిలో భోజనాలు ఎలా సాగాయో, ఎంత వాదులాడుకున్నారో సువార్త చెప్పదు. తర్వాత క్రీ.శ. 52లో కేరళ తీరానికి సువార్త తెచ్చినవాడు సందేహించిన ఈ తోమాయేనని అక్కడి క్రైస్తవుల సంప్రదాయం.

సికింద్రాబాదులోని ఒక యువజన కూటంలో అట్టపెట్టెకు చీలిక కోసి, పేరు లేకుండా ప్రశ్నలు రాసి వేయమన్నారు. సృష్టి గురించి, డైనోసార్ల గురించి అడుగుతారనుకున్నారు పెద్దలు. అవీ వచ్చాయి. నోటుబుక్కులోంచి చింపిన ఒక కాగితం మీద మాత్రం పెన్సిలుతో ఇలా ఉంది: "నాన్న కోసం చైన్ ప్రేయర్ పెట్టాం. మా వంతు తెల్లవారుజామున మూడింటికి. నాన్న నాలుగింటికి పోయారు. దేవుడు ఆ గంటసేపు ఏం చేస్తున్నాడు?" పాస్టరు గారు వివరణేమీ ఇవ్వలేదు. 88వ కీర్తన మొదటి నుంచి చివరిదాకా చదివారు. చాలా విలాప కీర్తనల్లా అది స్తుతితో ముగియదు, చీకటిలోనే ఆగిపోతుంది. అలాంటి కీర్తన బైబిల్లో ఉందని ఆ పిల్లల్లో చాలామందికి అప్పుడే తెలిసింది.

ఇలా అంటే సంఘ పెద్దలు వెంటనే బైబిల్లోని యాకోబు పత్రిక, అంటే ఆయన రాసిన ఉత్తరం, తీస్తారు. సందేహించేవాడు సముద్ర తరంగం వంటివాడని అందులో ఉన్న మాట నిజమే. దానికి పైవచనం కూడా చదవాలి కదా? అడిగేవారిని దేవుడు గద్దింపక ధారాళంగా ఇస్తాడని అక్కడ రాసి ఉంది. ఆయన మానుకున్న గద్దింపు మనమెందుకు నెత్తిన వేసుకోవాలి? "సందేహపడువారిమీద కనికరము చూపుడి" అని యూదా పత్రిక తేల్చి చెబుతోంది.

సందేహాలన్నీ ఒకటే అనడం లేదు. వాదనలో నెగ్గడానికే అడిగేవారుంటారు, ఒకదానికి జవాబు చెప్పేలోగా మరో ప్రశ్న తీస్తారు. వారితో నాకూ ఓపిక తక్కువే. నిజాయితీగా సందేహించేవారు జవాబు కోసం కాచుకుని ఉంటారు, ఆ మధ్యలో చేయవలసిన పని మానరు. మదర్ థెరిసా 1997లో కన్నుమూశారు. దేవుని సన్నిధి తనకు తెలియడం లేదని, లోపలంతా చీకటేనని ఆమె దశాబ్దాలపాటు గురువులకు రాసుకున్న ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చాయి. అవి చదివాకే, 2016లో, కతోలిక సంఘం ఆమెను పునీతురాలిగా ప్రకటించింది.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినాల్లో మన చర్చిల్లో సాయంత్రపు కూటాలు ఎలాగూ ఉంటాయి. వాటిలో ఒక్క సాయంత్రం ప్రసంగం ఆపి, జవాబు దొరకనివారి మాటలు వినవచ్చు. జవాబులు సిద్ధం చేసుకుని రానవసరం లేదని పాస్టరు గారికి ముందే చెబితే ఆయనకూ కాస్త ఊరట.

సెలవు.