సూది ఎక్కడ దిగింది?

శ్రోతలకు నమస్కారం.

టీకా వేయించుకున్న చేయి రెండు మూడు రోజులు సలపడం మామూలే, అది తనంతట తానే తగ్గుతుంది. నేను చెప్పబోయేది తగ్గని నొప్పి గురించి. సూది వేసిన రెండు రోజుల్లోపే భుజం పట్టేస్తుంది. వారాలు గడిచినా జడ వేసుకోవడానికి, అలమరలో పైఅరను అందుకోవడానికి చేయి లేవదు. అలాంటివారిని ఇంట్లోవాళ్లే నమ్మరు. అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

చేతికి వేసే టీకాను భుజం ఎముక కొసకు రెండు మూడు వేళ్లు కిందుగా, కండరంలోకి వేయాలి. మనం కూర్చుని, వేసేవారు నిలబడి, చొక్కా మెడను పక్కకు లాగి తొందరలో పొడిచినప్పుడు సూది పైకి పోయే ప్రమాదం ఉంది. అప్పుడు మందు కీలు దగ్గరున్న ద్రవపు తిత్తిలో పడి వాపు పుడుతుంది. లోపం మందుది కాదు, సూది దిగిన చోటుది. కనుక ఇది విని ఎవరూ టీకా మానుకోవద్దు. కుక్క కరిచినవారైతే అసలే వద్దు.

అమెరికాలో 1986 నాటి చట్టం కింద టీకా గాయాలకు ప్రత్యేక నిధి ఉంది. ఆ నిధి కిందికి వచ్చే గాయాల పట్టికలో 2017లో ఈ భుజం గాయాన్నీ చేర్చారు. నొప్పి 48 గంటల్లోపు మొదలైతే, బాధ ఆరు నెలలు దాటితే, ఎవరి తప్పో నిరూపించకుండానే పరిహారం అడగవచ్చు. మన దగ్గర వినియోగదారుల కమిషన్‌కు వెళితే నిర్లక్ష్యాన్ని మనమే చూపాలి. వైద్యం కూడా సేవేనని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. అయితే అందరికీ పూర్తిగా ఉచితంగా చికిత్స చేసే ఆసుపత్రులు ఆ తీర్పు పరిధిలోకి రావు. డబ్బు చెల్లించి ప్రైవేటు ఆసుపత్రిలో టీకా వేయించుకున్నవారికి దారి తెరిచే ఉంది.

ఇక్కడే చాలామంది కేసు చేజారుతుంది. డాక్టరు చీటీలో "భుజం నొప్పి" అని మాత్రమే ఉంటే సరిపోదు. ఏ రోజు, ఏ చేతికి టీకా పడింది, నొప్పి ఎప్పుడు మొదలైంది, చేయి ఎంతవరకు లేస్తోంది అన్నవన్నీ రాయమని ఎముకల డాక్టరును అడగండి. అంతకుముందు ఆ భుజానికి ఏ బాధా లేదన్న మాట కూడా అందులో ఉండాలి. స్కానింగ్ రిపోర్టు, ఫిజియోథెరపీ రసీదులు, మానుకున్న కూలి లెక్క దాచుకోండి. టీకా వేసిన ఆసుపత్రిని మీ రికార్డులు రాతపూర్వకంగా అడగండి. 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నియమావళే చెబుతోంది. ప్రతి వైద్య కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని, హైదరాబాదు ఆసుపత్రి ఒకదాని కేసులో సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. అయినా ఇలాంటి గాయంలో డాక్టరు మాటే బలం.

కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. "ఇంకొంచెం చూద్దాం" అనుకుంటూనే అది కరిగిపోతుంది. ఆసుపత్రికి చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే కమిషన్‌లో ఫీజు లేదు. ఫిర్యాదును మీరే వేసుకోవచ్చు. న్యాయవాది కావాలనుకునే మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది. చిత్తూరులోనైనా తిరుపతిలోనైనా కోర్టు ఆవరణలో విచారించండి, లేదా 15100కు ఫోను చేయండి. నమస్కారం.