గండికోట రీల్‌కి లక్షల వ్యూస్, సైట్‌కి మాత్రం జనం రారు... ఎందుకప్పా?

హోస్ట్: అందరికీ నమస్కారం, కడప నుంచి మాట్లాడుతున్నాం. ఈరోజు మనతో ఉన్న అక్క జమ్మలమడుగులో ఉంటారు. గండికోటకి వచ్చేవాళ్ల కోసం ఒక వెబ్‌సైట్ నడుపుతారు: దారి, రూములు, టెంట్లు, తిండి ఎక్కడ దొరుకుతుంది, ఎండాకాలంలో ఎన్నింటికల్లా తిరిగి వచ్చేయాలి, ఇట్లాంటివన్నీ ఉంటాయి అందులో. పేరు వద్దు, అక్క అని పిలిస్తే చాలన్నారు. అక్కా, సుత్తి లేకుండా అడిగేస్తా. మన దగ్గర పిల్లోళ్లు గండికోట రీల్స్ పెడుతుంటారు, లక్షల్లో వ్యూస్ వస్తాయి, కానీ బయోలో, అంటే ప్రొఫైల్‌లో పేరు కింద, ఉన్న లింక్ నొక్కి సైట్‌కి వచ్చేవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎక్కడ తేడా కొడుతోంది?

అక్క: తేడా ఏం లేదబ్బీ, అది అట్లే ఉంటుంది. రీల్ చూసే మనిషి ఏ తీరులో ఉంటాడో ఆలోచించు. బస్సులో కూర్చుని బొటనవేలితో తోసుకుంటూ పోతుంటాడు. పెన్నా లోయ కనపడింది, "అబ్బ, ఏముందిరా" అనుకున్నాడు, లైక్ కొట్టాడు, పోయాడు. కావలసింది అక్కడే దొరికిపోయింది కదా. మన సైట్‌కి రావడానికి ఇంకేం పని మిగిలింది అతనికి?

హోస్ట్: అంటే రీల్ బాగుంటే కూడా తప్పేనా!

అక్క: బాగుండాలి. కానీ చూసినాక ఒక ప్రశ్న మిగలాల. ఉదాహరణకి నేను సూర్యోదయం రీల్ పెట్టినప్పుడు దాని మీద "ఇండియా గ్రాండ్ కాన్యన్" అని రాయను, అది అందరూ రాసేదే. "శుక్రవారం రాత్రి బెంగళూరులో బయల్దేరితే తెల్లారేసరికి ఇక్కడుంటారు, కానీ జమ్మలమడుగు నుంచి పైకి ఆ చివరి పదిహేను కిలోమీటర్లు చీకట్లో ఎట్లా?" అని రాస్తా. అట్లా రాస్తే ఊరికే చూసేవాడు పోతాడు, నిజంగా వచ్చే ఆలోచన ఉన్నవాడు ఆగుతాడు. నాకు కావలసింది ఆ రెండోవాడు. ఆటో రేటు, బస్సు టైమ్, మ్యాప్, ఇవి రీల్‌లో గబగబా చదివినా ఎవరికీ గుర్తుండవు, చదువుకునేదానికి పేజీనే బాగుంటుంది. అట్లని అన్నీ దాచిపెట్టి ఊరించొద్దు, జనానికి ఒళ్లు మండుతుంది. రీల్‌లో చెప్పేది పూర్తిగా చెప్పు, వివరం సైట్‌లో పెట్టు.

హోస్ట్: సరే, ఆగాడు. ఇప్పుడు లింక్ ఎక్కడుంది? క్యాప్షన్‌లో పెడితే నొక్కడానికే రాదు కదా.

అక్క: అదే చాలామందికి తెలీదు. ఇన్‌స్టా క్యాప్షన్‌లో ఎంత పెద్ద లింక్ పెట్టినా అది ఉత్త అక్షరాలే. బయోలో పెట్టుకోవచ్చు, 2023 నుంచి అక్కడ ఐదు లింకుల దాకా ఇస్తున్నారు. స్టోరీలో లింక్ స్టిక్కర్ ఉంది. ఒకప్పుడు దానికి పదివేల మంది ఫాలోవర్స్ ఉండాలనేవాళ్లు, 2021 అక్టోబర్ నుంచి ఎవరైనా పెట్టుకోవచ్చు. యూట్యూబ్ షార్ట్స్‌లో అయితే డిస్క్రిప్షన్‌లో, కామెంట్లలో పెట్టిన లింకులు 2023 ఆగస్టు ఆఖరు నుంచి పనిచేయవు, స్పామ్ ఎక్కువైందని తీసేశారు. కాబట్టి షార్ట్ నుంచి మన పెద్ద వీడియోకి దారి పెట్టాలి, ఆ వీడియో కింద సైట్ లింక్ పెట్టాలి. చుట్టు తిరుగుడే, కానీ పని జరుగుతుంది.

హోస్ట్: లింక్ పెడితే రీచ్, అంటే పోస్ట్ కనపడే జనం, పడిపోతుందని అంటారు, నిజమేనా?

అక్క: ఫేస్‌బుక్ వాళ్లే అమెరికా ఫీడ్ గురించి నివేదికలు వదులుతుంటారు. 2023 నాటికి అక్కడ జనం చూసే పోస్టుల్లో బయటి లింక్ ఉన్నవి నూటికి పది కూడా లేవు. వాళ్ల అంగడికి వచ్చినోణ్ని వాళ్లు పక్క అంగడికి ఎందుకు పంపిస్తారు చెప్పు? అందుకే నేను ప్రతి పోస్టులో లింక్ పెట్టను. ఎక్కువ పోస్టులు ఊరికే పరిచయానికి: మాధవరాయ స్వామి గుడి గోపురం, ధాన్యాగారం లోపల చల్లదనం, జామా మసీదు తోరణాలు. జనం అడగడం మొదలుపెట్టాక, అప్పుడు స్టోరీలో లింక్. "లైక్ కొట్టండి, ముగ్గురిని ట్యాగ్ చేయండి" అని అడుక్కునే పోస్టులు మాత్రం వద్దు, వాటిని కిందికి తోసేస్తామని ఫేస్‌బుక్ 2017లోనే చెప్పింది.

హోస్ట్: మరి మీ సైట్‌కి ఎక్కువమంది ఎక్కడి నుంచి వస్తారు?

అక్క: వాట్సాప్! ఎవరూ నమ్మరు. ట్రిప్ అనేది ఒక్కడు తేల్చుకునే పని కాదు కదా. ఒకడు రీల్ చూస్తాడు, సైట్ తెరుస్తాడు, ఆ లింక్ తీసుకుపోయి "వీకెండ్ గ్యాంగ్" గ్రూపులో పడేస్తాడు. అసలు కథ అక్కడ నడుస్తుంది. కాబట్టి నేను రీల్ కంటే ముందు చూసుకునేది, ఆ లింక్ గ్రూపులో పడినప్పుడు ఎట్లా కనపడుతుందని. కొన్ని సైట్ల లింక్ పడితే ఫొటో రాదు, పేరు దగ్గర "హోమ్" అని ఉంటుంది. ఎవరు నొక్కుతారు దాన్ని?

హోస్ట్: అది మన చేతుల్లో ఉంటుందా?

అక్క: పూర్తిగా మన చేతుల్లోనే. ఓపెన్ గ్రాఫ్ అని ఫేస్‌బుక్ 2010లో తెచ్చిన పద్ధతి ఉంది, వాట్సాప్, టెలిగ్రామ్, లింక్డిన్ అన్నీ దాన్నే చదువుతాయి. ప్రతి పేజీకి ఒక టైటిల్, ఒక రెండు ముక్కల వివరణ, ఒక ఫొటో. సైట్ వర్డ్‌ప్రెస్‌లో కట్టింది అయితే, గూగుల్‌లో కనపడేదానికి తగిలించుకునే ఎస్ఈఓ ప్లగిన్‌లో సోషల్ అని ఒక చోట ఉంటుంది, అక్కడ నింపితే చాలు. ఫొటో 1200 బై 630 పిక్సెల్స్, బరువు తక్కువ ఉండాలి, మరీ బరువుంటే వాట్సాప్ చూపించదు. మార్చినాక కూడా పాత ఫొటోనే వస్తుంటే కంగారు పడొద్దు. ఫేస్‌బుక్‌లో అయితే షేరింగ్ డీబగ్గర్ అని ఒక పేజీ ఉంది, అందులో మన లింక్ వేసి మళ్లీ చదవమంటే కొత్తది తీసుకుంటుంది.

హోస్ట్: ఇంకోటి, వాట్సాప్ నుంచి వచ్చినోళ్లని లెక్కపెట్టేది ఎట్లా? సైట్‌కి ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో చూపించే నా అనలిటిక్స్‌లో అంతా "డైరెక్ట్" అనే ఉంటుంది.

అక్క: డైరెక్ట్ అంటే నేరుగా వచ్చారని కాదబ్బీ, ఎక్కడి నుంచి వచ్చారో దానికి తెలీలేదని. వాట్సాప్ నుంచి వచ్చినవి చాలావరకు అందులోనే పడతాయి. అందుకే లింక్ చివర ప్రశ్న గుర్తు పెట్టి యూటీఎం ముక్కలు, అంటే ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే గుర్తులు, తగిలించాలి: సోర్స్ వాట్సాప్, క్యాంపెయిన్ దసరా, అట్లా. నా పేజీ కింద "ఫ్రెండ్స్‌కి పంపండి" అని ఒక వాట్సాప్ బటన్ ఉంటుంది. దాంట్లో పోయే లింక్‌కి ఈ తోక ముందే తగిలించి ఉంటుంది, కాబట్టి ఎన్ని గ్రూపుల్లో తిరిగినా ఆ లింక్ నుంచి ఎంతమంది వచ్చారో నాకు తెలుస్తుంది. బయోలో లింక్‌కి వేరే తోక, స్టోరీకి వేరే. ఒక నెల అయినాక చూస్తే ఏది జనాన్ని తెస్తోందో, ఏది ఉత్త చప్పట్లో తేలిపోతుంది.

హోస్ట్: వచ్చినోళ్లు రెండు సెకన్లలో వెళ్లిపోతే?

అక్క: రీల్‌లో ఒకటి చెప్పి లింక్ హోమ్ పేజీకి ఇస్తే వెళ్లిపోక ఏం చేస్తారు? గండికోట, బెలూం గుహలు ఒకే రోజులో చూడొచ్చా అని రీల్ పెడితే, లింక్ ఆ పేజీకే పోవాలి, అందులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్లాన్ ఉండాలి. ఇంకొకటి, ఇన్‌స్టాలో లింక్ నొక్కితే క్రోమ్‌లో తెరుచుకోదు, దాని లోపలి బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. అక్కడ గూగుల్‌తో లాగిన్ అవ్వమంటే గూగులే ఒప్పుకోదు. యూపీఐ యాప్ కూడా కొన్ని ఫోన్లలో తెరుచుకోకుండా మొరాయిస్తుంది. రూమ్ బుక్ చేద్దామని డబ్బు కట్టేదాకా వచ్చినోడు అక్కడ ఆగిపోతాడు. నేను ఆ పేజీలో లాగిన్ అడగను. ఫోన్ నంబర్, వాట్సాప్ బటన్ రెండూ పైనే పెట్టా. నీ సైట్‌ని ల్యాప్‌టాప్‌లో కాదు, ఇన్‌స్టా లోపలి నుంచి, అది కూడా తక్కువ రకం ఫోన్‌లో, కోట మీద సిగ్నల్ సరిగా లేని చోట తెరిచి చూడు, అప్పుడు తెలుస్తుంది.

హోస్ట్: చాలామంది అసలు సైట్ ఎందుకు, ఇన్‌స్టా పేజీ చాలదా అంటారు.

అక్క: 2020 జూన్ 29 రాత్రి టిక్‌టాక్ ఆపేశారు కదా. అంతవరకు దాంట్లో లక్షల ఫాలోవర్స్ ఉన్నోళ్లు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టుకున్నారు. ఇంకేం చెప్పాలి దీని గురించి.

హోస్ట్: లోయ అంచున కాళ్లు వేలాడేసి తీసే రీల్స్ బాగా పోతాయి, మీ పేజీలో ఒక్కటీ లేదే?

అక్క: పెట్టను. వ్యూస్ వస్తాయి, తెలుసు. అక్కడ కంచె లేదు, కాలు జారితే అంతే. అది చూసి ఇంకొకడు వచ్చి కూర్చుంటాడు. నాకా వ్యూస్ వద్దు.

హోస్ట్: చివరిగా, మా వినేవాళ్లలో ఒకరు అడిగారు: ప్రొద్దుటూరులో చిన్న వ్యాపారం, కొత్త సైట్, అయిదొందలు పెట్టి పోస్ట్ బూస్ట్ చేస్తే, అంటే డబ్బు కట్టి ఎక్కువమందికి చూపిస్తే, లాభమా అని.

అక్క: ఆ బూస్ట్ బటన్ నొక్కే ముందు గోల్ ఏమని ఉందో చూసుకోమను. ఎంగేజ్‌మెంట్ అని ఉంటే లైకులు కొట్టేవాళ్లనే వెతికి చూపిస్తుంది, డబ్బులు లైకులకే పోతాయి. వెబ్‌సైట్ విజిట్స్ అని పెట్టుకోవాలి. ఊరు కూడా మార్చుకోవాలి, అట్లే వదిలేస్తే దేశమంతా తిప్పుతుంది. కొనేవాళ్లు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, మైదుకూరు వాళ్లయితే ఆ ఊళ్లే పెట్టుకోమను. నాకైతే బెంగళూరు, హైదరాబాద్, అది కూడా బుధవారం, గురువారం మాత్రమే, వీకెండ్ ఎక్కడికి పోదామని జనం మాట్లాడుకునేది అప్పుడే కాబట్టి. బెంగళూరు వాళ్లకి పేజీ ఇంగ్లీషులో కూడా ఉండాలి, తెలుగులోనే ఉంటే సగం మంది వెనక్కి పోతారు.

హోస్ట్: అయిదొందలతో మొదలుపెట్టొచ్చా మరి?

అక్క: పెట్టొచ్చు, కానీ ముందు ఆ లింక్ తీసుకుని వాళ్ల ఇంట్లోవాళ్ల గ్రూపులో వేసి, ఫొటో వస్తోందా లేదా చూసుకోమను, అది ఫ్రీనే కదా!