తుంటి మార్పిడి తర్వాత పరుగు: ఆండీ మర్రే లెక్క మనకు సరిపోతుందా?

నమస్తే అండీ. తుంటి ఆపరేషన్ మాట ఎత్తితే చాలు, ఒక ప్రశ్న వచ్చేస్తుంది: "ఆండీ మర్రే ఆపరేషన్ తర్వాత ఏకంగా టెన్నిస్సే ఆడాడు, నేను పొద్దున్నే కాస్త పరిగెత్తితే ఏమవుతుంది?"

ఆడిన మాట నిజమే. 2019 జనవరిలో లండన్‌లో ఆపరేషన్ అయింది. జూన్‌లో క్వీన్స్ క్లబ్‌లో డబుల్స్ గెలిచాడు. అక్టోబర్‌లో ఆంట్‌వర్ప్‌లో వావ్రింకాని ఓడించి సింగిల్స్ టైటిల్ కొట్టాడు. అయితే ఆయనకు చేసింది రీసర్ఫేసింగ్. అందులో తొడ ఎముక పైనున్న బంతిని కోసి తీసేయరు, చెక్కి దానికి లోహపు టోపీ తొడుగుతారు. మన దగ్గర మామూలుగా చేసే టోటల్ హిప్ రీప్లేస్‌మెంట్‌లో బంతి పోతుంది, తొడ ఎముక లోపలికి రాడ్డు దిగుతుంది.

టోపీ నిలవాలంటే కింద ఎముక గట్టిగా ఉండాలి. మన దగ్గర ముప్పై, నలభై ఏళ్లకే ఈ ఆపరేషన్ దాకా వచ్చేవాళ్లలో చాలామందిది ఏవీఎన్, అంటే రక్తం అందక ఆ బంతి ఎముకే చచ్చిపోవడం. స్టెరాయిడ్లు, మద్యం దీనికి పెద్ద కారణాలు. అందుకే మర్రే దారి వీళ్లలో చాలామందికి మొదట్లోనే మూసుకుపోతుంది.

మరి రాడ్డు ఉన్నవాళ్ల సంగతి? డాక్టర్లు ఒక్క మాట మీద లేరు. కొత్త బంతి తిరిగే గిన్నెలోని ప్లాస్టిక్ అరిగిపోతుందన్నది పాత భయం. 1990ల చివర్లో వచ్చిన క్రాస్‌లింక్డ్ పాలీఇథిలీన్ అనే ప్లాస్టిక్ చాలా తక్కువ అరుగుతుంది కాబట్టి, ముందునుంచీ పరిగెత్తే అలవాటున్నవాళ్లకు కొందరు సర్జన్లు సరే అంటున్నారు. ఆపరేషన్ అయ్యాక కొత్తగా మొదలుపెడతానంటే మాత్రం ఎక్కువమంది వద్దనే అంటారు. నాకూ అదే సబబు అనిపిస్తుంది. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం 25 ఏళ్లు నిలిచే తుంటి కీళ్లు సుమారు 58 శాతం. అరవైలో చేయించుకున్నవాళ్లకు ఇది బాగానే ఉంటుంది. ముప్పై అయిదులో చేయించుకున్నవాళ్లు రెండో ఆపరేషన్‌ని లెక్కలో పెట్టుకోవాల్సిందే.

ఇప్పుడు నాకు బాగా ఆసక్తి కలిగించిన విషయం. 1993లో బెర్లిన్‌లో బెర్గ్‌మన్ అనే పరిశోధకుడి బృందం, సెన్సర్లు ఉన్న కృత్రిమ కీళ్లు అమర్చిన ఇద్దరు పేషెంట్లను నడిపించి, పరిగెత్తించి కొలిచింది. గంటకు 5 కిలోమీటర్ల నడకలో కీలు మీద పడే బలం శరీర బరువుకు 4.8 రెట్లు. జాగింగ్‌లో సుమారు 5.5 రెట్లు. పెద్ద తేడా ఏముంది అనిపిస్తుంది కదా? అనుకోకుండా కాలు తట్టుకున్నప్పుడు మాత్రం ఒకరికి 7.2, ఇంకొకరికి 8.7 రెట్లు పడింది!

ఈ అంకెలు చూశాక మన ఫుట్‌పాత్‌లు గుర్తొచ్చాయి. లేచిన పలకలు, రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు, వెంటపడే కుక్కలు. డాక్టర్ ఒప్పుకుంటే పరిగెత్తండి, కానీ చీకట్లో రోడ్డు మీద వద్దు. చదునైన గ్రౌండో, సింథటిక్ ట్రాకో చూసుకోండి.

అంతకంటే ముందు అద్దం ఎదురుగా, చేతికి ఆసరా అందేలా, ఆపరేషన్ అయిన కాలు మీద ఒంటికాలితో నిలబడండి. రెండోవైపు నడుము కిందికి జారుతోందా? అయితే పిరుదు పక్క కండరం ఇంకా కోలుకోలేదు. ఫిజియో దగ్గర పని మిగిలే ఉంది, పరుగు తర్వాత.

పరుగు మొదలయ్యాక గజ్జల్లో కానీ, తొడ మధ్యలో కానీ నొప్పి వస్తే, ముఖ్యంగా కుర్చీలోంచి లేచి వేసే మొదటి అడుగుల్లో వస్తే, నొప్పి బిళ్ల వేసుకుని సర్దుకుపోకండి. కీలు వదులవుతున్నప్పుడు కూడా నొప్పి అలాగే వస్తుంది. పరుగు ఆపేసి, పాత ఎక్స్‌రేలు కూడా పట్టుకుని సర్జన్ దగ్గరికి వెళ్లండి.