కొండ పిల్లలకు సముద్రం ఎంత దూరం?

(శ్రీకాకుళం స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: ఒక చరిత్ర అధ్యాపకుడు, ఒక పిల్లల డాక్టరు, గిరిజన ఆశ్రమ పాఠశాలలో పనిచేసి రిటైరైన వార్డెన్.)

సమన్వయకర్త: నమస్కారం. పేద పిల్లలను కొన్నాళ్లు సముద్రం ఒడ్డున ఉంచి, తిండి పెట్టి, ఆడించి పంపడమే పనిగా పెట్టుకున్న ధర్మసంస్థలు యూరప్‌లో ఎప్పటినుంచో ఉన్నాయి. మన కొండ పిల్లలకూ అలాంటి విడిది పెట్టగలమా అన్నదే ఈరోజు చర్చ. ఈ ఆలోచన ఎలా పుట్టింది మాస్టారూ?

అధ్యాపకుడు: జబ్బు వల్ల పుట్టిందండీ. 1791లో ఇంగ్లండ్‌లోని మార్గేట్‌లో లెట్సమ్ అనే డాక్టరు చొరవతో పేదలకు సముద్ర స్నానాల ఆస్పత్రి మొదలుపెట్టారు. మెడ చుట్టూ గడ్డలు కట్టే గండమాలకు ఉప్పునీరు, సముద్రపు గాలి మందని అప్పటి నమ్మకం. 1856లో ఫ్లారెన్స్ డాక్టరు బరెల్లాయి ఇటలీ తీరంలో, వియరెజ్జోలో పిల్లల కోసమే అలాంటి ఆశ్రయం తెరిచారు. నాకు మాత్రం బెర్క్ కథంటే ఇష్టం. ఫ్రాన్స్‌లో ఒక చిన్న పల్లె అది. మరియాన్ అనే ఒంటరి వితంతువు జబ్బు పిల్లలను ఇంట్లో పెట్టుకుని సాకేది. నడవలేని వాళ్లను తోపుడు బండిలో వేసుకుని ఇసుకలోంచి తోసుకుంటూ నీళ్ల దాకా తీసుకెళ్లేదట. పిల్లలు తేరుకోవడం చూశాకే పారిస్ అధికారులు 1861లో అక్కడ చెక్కతో ఆస్పత్రి కట్టారు. ఎనిమిదేళ్లకు అది పెద్ద భవనమైంది.

సమన్వయకర్త: డాక్టర్ గారూ, సముద్రపు నీళ్లతో నిజంగా తగ్గేదా?

డాక్టరు: ఉప్పునీటికి క్షయ క్రిమి చావదు. గండమాల కూడా క్షయలో ఒక రకమే. ఆ క్రిమిని కోక్ కనిపెట్టిందే 1882లో. అంతకుముందు వైద్యం చేసినవాళ్లకు కారణం తెలీదు. అలాగని వాళ్ల శ్రమ వృథా అనను. ఫ్యాక్టరీ పొగ కమ్మిన సందుల్లో పెరిగే పిల్లలకు ఎండ తగలదు, ఎముకలు మెత్తబడి కాళ్లు వంకర్లు పోతాయి. రికెట్స్ అంటాం. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలతో అది నయమవుతుందని 1919లో బెర్లిన్‌లో హుల్డ్‌షిన్‌స్కీ చూపించాడు. ఆ విడుదుల్లో పిల్లలకు ఎండ, కడుపునిండా తిండి, నిద్ర దొరికాయి. తేరుకున్నారంటే వాటివల్లే. 1943లో స్ట్రెప్టోమైసిన్ అనే మందు కనిపెట్టాక క్షయ ఆస్పత్రుల అవసరం క్రమంగా తగ్గిపోయింది.

అధ్యాపకుడు: అసలు కథ అంతకు చాలా ముందే మలుపు తిరిగిందండీ. జబ్బు లేని పిల్లలకు కూడా సెలవు కావాలన్న మాట 1876లో జూరిచ్‌లో మొదలైంది. బియోన్ అనే పాస్టర్ నీరసంగా ఉన్న 68 మంది బడి పిల్లలను అపెంజెల్ కొండలకు తీసుకెళ్లాడు. ఆ పద్ధతి దేశదేశాలకు పాకింది. ఇక 1891లో డెర్బీషైర్ వాళ్లు తమ పేద పిల్లల కోసం స్కెగ్నెస్ బీచ్‌లో విడిది పెట్టారు. గమనించండి, డెర్బీషైర్‌కు సముద్రం లేదు. వేరే జిల్లా తీరంలో తమ పిల్లలకు చోటు చూసుకున్నారు.

వార్డెన్: అచ్చం మా సంగతే బాబూ! 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది. మా కొండ మండలాలు సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం అన్నీ అందులోకే వెళ్లాయి. ఆ జిల్లాకు అంగుళం తీరం లేదు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి కళింగపట్నం లైట్‌హౌస్ కనిపిస్తుంది, అయినా పదో తరగతి దాటినా సముద్రం చూడని సవర, జాతాపు తెగల పిల్లలు నా హాస్టల్లోనే ఎంతమందో! ఒకసారి తీసుకెళ్లాం. అందరూ కేకలేస్తుంటే ఒక ఐదో తరగతి పిల్ల మాత్రం నా కొంగు పట్టుకుని, 'ఈ నీళ్లు ఎవరి పొలానికి పోతాయమ్మా' అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. సాయంత్రం కాకుండానే తిరుగు ప్రయాణం. రాత్రి ఉంచడానికి చోటేదీ?

సమన్వయకర్త: చోటు కట్టిస్తామనే దాతలు దొరకరా?

అధ్యాపకుడు: దొరుకుతారు. జాగ్రత్త పడాల్సిందీ అక్కడే. అప్పటి విడుదుల్లో పిల్లలను వచ్చిన రోజు, వెళ్లే రోజు తూకం వేసి, ఎంత ఒళ్లు చేశారో లెక్క చూపించేవారు. న్యూయార్క్ దగ్గర కోనీ ఐలాండ్‌లో 1904లో మొదలైన సీ బ్రీజ్ ఆస్పత్రి చందాల కోసం, వెన్నెముక క్షయతో బల్లకు కట్టి ఉంచిన ఒక పిల్లాడి ఫొటో వాడుకున్నారు. 'నవ్వే జో' అని పేరు పెట్టి మరీ ఊరంతా పంచారు. నియంత ముస్సోలినీ కాలంలో ఇటలీ తీరంలో పెద్దపెద్ద విడుదులు లేచాయి. పిల్లలకు యూనిఫాం, సెల్యూట్లు, కవాతు. సముద్రం అదే, పెట్టేవాడి ఉద్దేశం వేరు.

డాక్టరు: నా టెన్షన్ వేరు. మే నెల ఎండ, ఉక్కపోత! పది నుంచి నాలుగు దాకా పిల్లలు నీడలోనే ఉండాలి. పైగా కళింగపట్నం దగ్గర వంశధార కలిసే చోట ఈత రాని పిల్లలను దించితే ప్రాణాల మీదికొస్తుంది.

వార్డెన్: అందుకే గంగపుత్రులను పిలవమంటాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మన వేసవి సెలవులు సరిగ్గా అప్పుడే. పడవలు ఒడ్డునే ఉంటాయి, మనుషులకు పనుండదు. ఏ చోట లోతో, ఏ వేళకు నీరు లాగుతుందో వాళ్ల కంటే ఎవరికి తెలుసు? కూలి ఇచ్చి కాపలా పెట్టండి. వాళ్ల ఆడవాళ్ల చేత వంట చేయించండి. మా పిల్లలు చోడి (రాగి) అంబలి ఎలా కాస్తారో వాళ్లకు చెబుతారు, చేపల పులుసు వాళ్లు పెడతారు.

సమన్వయకర్త: ఇది నేను ఊహించలేదమ్మా. మొదటి జట్టు ఎంతమందితో?

వార్డెన్: ఒక బస్సుకు సరిపడా. మూడు రాత్రులు చాలు. పిల్లలు బెంగ పెట్టుకుంటారు, ముఖ్యంగా మొదటి రాత్రి. పక్క పక్క ఊళ్ల వాళ్లను కలిపే పడుకోబెట్టాలి. మళ్లీ ఏడాది వాళ్లనే తీసుకురావాలి. ఒక్కసారి చూపించి వదిలేస్తే అది పిక్నిక్కే అవుతుంది.

డాక్టరు: తూకం మాత్రం వద్దు. పిల్లలు సంతోషంగా గడిపారన్నది చాలదా? ఆరోగ్యం పేరు చెప్పి అనుమతి అడగక్కర్లేదు.

అధ్యాపకుడు: ఒక షరతు రాసుకోండి. దాత పేరున్న బ్యానర్ ముందు పిల్లలను నిలబెట్టి ఫొటో తీయకూడదు.

వార్డెన్: నాదొకటి కూడా రాయండి. ఆడపిల్లలకు బట్టలు మార్చుకునే గది, బాత్రూమ్ కట్టాకే మొదటి బస్సు బయల్దేరాలి. మేం వెళ్లినప్పుడు తడి బట్టలతోనే బస్సెక్కారు.