భాకరాపేట ఘాట్ వీడియోలో ఎందుకు చప్పగా ఉంటుంది?

[తెర మీద: భాకరాపేట ఘాట్, హెల్మెట్ కెమెరా ఫుటేజ్. పాట లేదు, బండి శబ్దం మాత్రమే]

ఈ క్లిప్ చూస్తే ఏమనిపిస్తా ఉంది? మామూలు రోడ్డే, కాస్త వంపు తిరిగింది, అంతే గదా! తిరుపతి నుంచి పీలేరు పోయే దారిలో, రంగంపేట దాటి ఈ ఘాట్ ఎక్కినోళ్లకు తెలుసు, లోడు లారీలు ఇక్కడ ఎట్లా మూలుగుతాయో.

మరి ఆ ఏటవాలు యాడికి పోయింది? లెన్స్ మింగేసింది. యాక్షన్ కెమెరాలో ఉండేది బాగా వైడ్ లెన్స్. ముందున్న హ్యాండిల్‌ను పెద్దగా, ఎదురుగా ఉన్న కొండను చిన్నగా చూపిస్తుంది. స్టెబిలైజేషన్ గతుకులు తీసేస్తుంది, మంచిదే. దాని మీద హొరైజన్ లాక్ (బండి ఎటు వాలినా బొమ్మను తిన్నగా ఉంచే సెట్టింగ్) కూడా వేస్తే మలుపులో బండి వాలిందన్న సంగతే తెలియదు.

[ఫొటో: అదే ఘాట్, పై నుంచి జూమ్‌లో]

ఇది అదే రోడ్డు. వెడల్పుగా ఉన్న చోట బండి పక్కకు తీసి, స్టాండేసి, జూమ్ పెట్టి కింది మలుపులను తీసింది. జూమ్‌లో ముందువీ వెనకవీ దగ్గరికి జరిగినట్టు కనిపిస్తాయి కాబట్టి, మలుపు మీద మలుపు పేర్చినట్టు వచ్చింది. కొండ ఎత్తు చూపించాలంటే నా ఓటు ఫొటోకే.

ఇంక వీడియో దేనికంటారా? చెవులకు!

[క్లిప్: తిరుమల పాత ఘాట్, దిగుడు]

1944 నాటి పాత ఘాట్‌లో దిగుతాం, 1974 నాటి కొత్త ఘాట్‌లో ఎక్కుతాం. ఈ దిగుడు వినండి. సెకండ్ గేర్‌లో ఇంజన్ బండిని పట్టి ఆపుతా ఉంటే ఆ గుర్రు... మలుపు దాటి యాక్సిలేటర్ ఇచ్చేసరికి తేలికైపోయింది, విన్నారా? ఘాట్‌కు కొత్తగా వచ్చే కుర్రాడికి ఏ గేర్‌లో దిగాలో ఇది చెప్పినట్టు ఫొటో చెప్పలేదు. దీని మీద సినిమా పాట వేసేస్తే ఇంక మిగిలేదేముంది? మైకు మాత్రం హెల్మెట్ లోపల, గడ్డం దగ్గర స్పాంజి వెనక పెట్టండి. బయట పెడితే గాలి హోరు తప్ప ఏమీ రాదు. డ్రోన్ ఆలోచన అసలొద్దు, తిరుమల మీద నిషేధం.

[ఫొటో: తిరుమల ఘాట్ పక్కన రాతి గోడ]

వీడియోలో రెప్పపాటులో దాటిపోయేది ఇది. కింద గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా నగరి క్వార్ట్‌జైట్, అంటే గట్టిపడిన ఇసుకరాయి. ఈ రెండూ కలిసే గీత దగ్గర సుమారు 80 కోట్ల ఏళ్ల చరిత్ర లేదు, ఆ కాలపు రాళ్లే ఇక్కడ లేవు! భూవిజ్ఞానులు దీన్ని ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ అంటారు, జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. ఇట్లాంటిదాన్ని వేలితో పెద్దది చేసుకుని, నిదానంగా చూడాల.

"వీడియో నుంచే ఒక ఫ్రేమ్ కోసుకుంటే పోలా?" అంటారు కొందరు. లెక్కేయండి. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్లు. షటర్ సెకనులో అరవయ్యో వంతు తెరుచుకున్నా, అంతలోనే బండి జానెడు ముందుకు పోతుంది. పక్కనున్న బండరాయి గీతలు గీతలుగా వస్తుంది.

ఫోన్‌ను హ్యాండిల్‌కు బిగించి తీసేవాళ్లకు ఇంకో మాట. ఇంజన్ అదురుకు కెమెరాలోని స్టెబిలైజేషన్ దెబ్బతినవచ్చని 2021లో ఆపిలే హెచ్చరించింది. జేబులో పెట్టుకోండి, దిగినాక తీయండి.

కార్డు సంగతి కూడా చూసుకోండి. సెకనుకు 100 మెగాబిట్ల 4కే వీడియో అయితే గంటకు 45 జీబీ. 64 జీబీ కార్డు తిరుపతి నుంచి తలకోన పోయి రావడానికి చాలదు. అంతా తీయొద్దు, ఘాట్ మొదలయ్యే ముందు ఆన్ చేసి, దాటినాక ఆపేయండి.

[ఫొటో: తలకోన జలపాతం, నిలువుగా]

తలకోన ఫొటో పెట్టేటప్పుడు జలపాతం ఎత్తు 270 అడుగులని అందరూ రాస్తారు. తలకోన పక్కనున్న నెరబైలు దాకా బండేసుకుని వచ్చేవాడికి కావాల్సింది, ఇప్పుడు నీళ్లు ఉన్నాయా లేదా అనేది. కింద మనుషులు కనిపించేలా ఒక్క ఫొటో, దాని మీద తీసిన తేదీ. ఆ తేదీ మాత్రం మర్చిపోకండబ్బా.